వేసవిలో విశాఖపట్నం, అరకు: మూడు నాలుగు రోజుల చిన్న యాత్ర గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బడులకు వేసవి సెలవులు ఇచ్చిన నాటి నుంచి ఉభయ రాష్ట్రాల్లోని ఎన్నో కుటుంబాలు మూడు నాలుగు రోజులకు కుదిరే ప్రయాణం కోసం వెతుకుతాయి. పెద్దలు చల్లదనం కోరుకుంటారు, పిల్లలు సముద్రం అడుగుతారు, ఉద్యోగానికి మాత్రం సోమవారం హాజరు కావాలి. ఈ మూడింటికీ దగ్గరగా వచ్చే చోట్లలో విశాఖపట్నం, అరకు జంట ఒకటి. అయితే చలికాలానికి సరిపోయే ప్రణాళికతోనే మే నెలలోనూ బయలుదేరితే అలసట తప్ప ఏమీ మిగలదు. అందుచేత ఇక్కడి సమాధానాలన్నీ ఏప్రిల్, మే, జూన్ మొదటి వారాలను దృష్టిలో ఉంచుకుని రాసినవే.

నడివేసవిలో అరకు నిజంగా చల్లగా ఉంటుందా?

రాత్రి, తెల్లవారుజామున చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం ఉండదు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల చొప్పున తగ్గుతుంది కనుక, మైదానంలో 40 డిగ్రీలు మండుతున్న రోజున అరకులో 34, 35 డిగ్రీలు ఉండటం సహజం. ఎండలో నిలబడితే అది కూడా ఎండే. కానీ సూర్యుడు కొండల వెనక్కి దిగిన తర్వాత గాలి త్వరగా చల్లబడుతుంది. విశాఖలో రాత్రంతా వదలని ఉక్కపోత ఇక్కడ ఉండదు. ఫ్యాను తగ్గించి దుప్పటి కప్పుకొని నిద్రపోగలిగే రాత్రులు మే నెలలోనూ దొరుకుతాయి. కాబట్టి ఈ యాత్రలో మీరు డబ్బు పెట్టి కొనుక్కునేది అరకు మధ్యాహ్నాన్ని కాదు, అరకు రాత్రిని. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగిలిన నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ఉదయం రైల్లో వెళ్లి రాత్రికి విశాఖ చేరుకోవచ్చు కదా, అక్కడ బస చేయడం ఎందుకు?

వెళ్లి రావచ్చు, వేల మంది అలాగే వెళ్లి వస్తున్నారు. పర్యాటక శాఖ కూడా రైలు ప్రయాణం, బస్సు ప్రయాణం కలిపి ఒకరోజు యాత్రలు నడుపుతూ వచ్చింది. చలికాలంలో ఆ పద్ధతి బాగానే ఉంటుంది. వేసవిలో మాత్రం దాని ఫలితాన్ని ఒకసారి ఆలోచించండి. తెల్లవారకముందే లేచి రైలెక్కిన వారు అరకులో దిగేసరికి పదకొండు గంటలు కావస్తుంది. సరిగ్గా ఎండ ముదిరే వేళకు వారు మ్యూజియం, తోట, గుహలు అన్నీ పరుగుపరుగున చూసి, గాలి చల్లబడటం మొదలయ్యే సాయంత్రానికి ఘాట్ రోడ్డు దిగడం ప్రారంభిస్తారు. అంటే కొండ మీద రోజు మొత్తంలో ఏ గంటలు బాగుండవో ఆ గంటలే వారి వాటాకు వస్తాయి. వేసవిలో అరకు ఏమీ బాగుండదని చెప్పేవారిలో ఎక్కువమంది ఇలా వెళ్లి వచ్చినవారే. కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పైన ఉండగలిగితేనే ఈ ప్రయాణం పెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఉన్నది ఒకే రోజైతే ఆ రోజును విశాఖ తీరంలో ప్రశాంతంగా గడపడమే మేలు.

మూడు రాత్రులు ఉంటే ఎలా పంచుకోవాలి? కొండ ముందా, నగరం ముందా?

రెండు రాత్రులు కొండ మీద, ఒక రాత్రి నగరంలో. కొండే ముందు. దీనికి రెండు కారణాలు. హైదరాబాదు నుంచి గానీ విజయవాడ నుంచి గానీ రాత్రి రైల్లో వచ్చి తెల్లవారుజామున విశాఖలో దిగేవారు అదే స్టేషన్‌లో అరకు రైలు ఎక్కవచ్చు, నగరంలో గది కోసం ఆ రోజు అద్దె కట్టనవసరం లేదు. అయితే రాత్రి రైలు ఆలస్యమైతే ఏమి చేయాలో ముందే అనుకుని ఉండాలి. రెండు రైళ్ల మధ్య కనీసం గంటన్నర వ్యవధి లేకపోతే ఆ ఏర్పాటును నమ్ముకోకండి, కారు మాట్లాడుకోవడం మంచిది. రెండో కారణం, తిరుగు ప్రయాణం రోజున ఘాట్ రోడ్డు మీద చెట్టు పడినా, వాహనం ఆగినా ఇంటికి వెళ్లే రైలు తప్పిపోకుండా ఉంటుంది. చివరి రోజు నగరంలోనే ఉంటే ఆ ఆందోళన ఉండదు.

నాలుగో రాత్రి దొరికితే దాన్ని నగరానికి కలపండి, కొత్త ఊరికి కాదు. ఉన్న నాలుగు రోజుల్లో శ్రీకాకుళం, జగదల్‌పూర్ కూడా చుట్టేయాలని చూసేవారికి కారు కిటికీ తప్ప వేరే జ్ఞాపకం ఉండదు.

రైలు మంచిదా, రోడ్డు మంచిదా?

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు. ఉదయం ఏడు గంటలకు కాస్త అటూ ఇటూగా విశాఖపట్నంలో బయలుదేరే కిరండోల్ రైలు ఈ యాత్రలో సగం ఆనందం. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండోల్ పక్కనున్న బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం 1960ల్లో ఈ మార్గాన్ని కొండలను తొలిచి నిర్మించారు. కొత్తవలస దాటి శృంగవరపుకోట వైపు వచ్చేవరకు మామూలు మైదానమే. అక్కడి నుంచి రైలు నెమ్మదిగా ఎత్తుకు ఎక్కుతూ, సొరంగాల్లోకి దూరుతూ, లోయల అంచున మలుపులు తిరుగుతూ వెళుతుంది. కొత్తవలస నుంచి కిరండోల్ వరకు ఇలాంటి సొరంగాలు 50కి పైగా ఉన్నాయి. అరకుకు ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోనే ఎత్తయినదన్న పేరు చాలాకాలం దానికి ఉండేది. ఖనిజం మోసుకొచ్చే పొడవాటి గూడ్సు బండ్లకు దారి ఇవ్వడం కోసం మన రైలు అక్కడక్కడ ఆగుతుంది. పిల్లలకు ఆ బండ్లను లెక్కపెట్టడం మంచి కాలక్షేపం.

గాజు పైకప్పు, వెడల్పాటి కిటికీలు ఉన్న విస్టాడోమ్ పెట్టెలు ఈ మార్గంలో 2017 ఏప్రిల్‌లో మొదలయ్యాయి. చల్లదనం ఉంటుంది, చూపు బాగా సాగుతుంది, కానీ ఖర్చు ఎక్కువ, సీట్లు తక్కువ. మామూలు పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికితే ఘాట్‌లోని గాలి ముఖానికి తగులుతుంది, అది కూడా తక్కువ అనుభవమేమీ కాదు.

రోడ్డు మార్గం సుమారు 115 కిలోమీటర్లు. ఆగకుండా వెళితే మూడున్నర గంటలు పడుతుంది. కానీ ఆగకుండా వెళ్లకూడదు. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్, దిగువన తాటిపూడి జలాశయం అన్నీ రోడ్డు మీద వెళ్లేవారికే అందుతాయి. అందుకే తిరుగు ప్రయాణానికి కారు సూచిస్తున్నాను. చీకటి పడకముందే ఘాట్ దిగిపోయేలా చూసుకోండి.

టికెట్లు, గదులు ఎంత ముందుగా తీసుకోవాలి?

రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గింది. వేసవి శనివారాలకు అరకు రైలు సీట్లు, హైదరాబాదు నుంచి విశాఖకు వచ్చే రాత్రి రైళ్ల బెర్తులు త్వరగా అయిపోతాయి కాబట్టి ఆ 60 రోజుల గడువు తెరుచుకున్న వెంటనే తీసుకోవడం మంచిది. సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య వందే భారత్ రైలు 2023 జనవరి నుంచి నడుస్తోంది. పగటి ప్రయాణం ఇష్టపడే పెద్దవారికి అది అనుకూలం. అరకు, అనంతగిరిలలో పర్యాటక శాఖ వారి హరిత బసలు ఉన్నాయి, ప్రైవేటు రిసార్టులూ పెరిగాయి. గది తీసుకునేటప్పుడు కరెంటు పోతే జనరేటరు ఉందో లేదో, దోమతెర ఇస్తారో లేదో అడిగి తెలుసుకోండి. మంగళవారం నుంచి గురువారం వరకు వెళ్లగలిగినవారికి అద్దె, రద్దీ రెండూ కలిసివస్తాయి.

బొర్రా గుహలు వృద్ధులు, చిన్నపిల్లలు చూడగలరా?

గుహ ముఖద్వారం వరకు అందరూ వెళ్లవచ్చు. లోపలికి చాలా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి, కొన్ని చోట్ల నేల తడిగా జారుతుంది. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు మొదటి విశాలమైన మండపం లాంటి చోటు వరకు వెళ్లి ఆగిపోవడంలో నష్టం లేదు. ఎందుకంటే గుహ గొప్పతనం అక్కడే కనిపిస్తుంది. సున్నపురాతి గుండా వేల ఏళ్లుగా ఇంకిన నీరు బొట్టు బొట్టుగా కారుతూ, తనలో కరిగిన సున్నాన్ని పొరలు పొరలుగా వదులుతూ పై నుంచి వేలాడే ఊడలను, కింది నుంచి లేచే స్తంభాలను కట్టింది. ఆ రూపాల్లో భక్తులు శివలింగాన్ని చూసుకుంటారు, శివరాత్రికి చుట్టుపక్కల గూడేల నుంచి తరలివస్తారు. బయట ఎండ మాడుస్తున్నప్పుడు కూడా లోపల చల్లగా ఉండటం వేసవి యాత్రికులకు పెద్ద వరం. కాబట్టి గుహలను మధ్యాహ్నానికే ఉంచుకోండి. ఉదయపు చల్లని గంటలను ఇక్కడ ఖర్చు చేయవద్దు.

ఈ కొండల్లో పుట్టి, గుహల పక్కగా ప్రవహించే గోస్తనీ నదే దిగువన తాటిపూడిలో జలాశయమై విశాఖ నగరానికి తాగునీరు ఇస్తుంది, చివరకు భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. కొండను, నగరాన్ని ఒకే యాత్రలో చూసేవారు ఈ నదిని మూడు చోట్లా గుర్తుపట్టి పిల్లలకు చూపించాలని నా కోరిక. భూగోళ పాఠం అంత తేలిగ్గా మరోచోట దొరకదు.

గుహల దగ్గర కోతులు ఎక్కువ. తినుబండారాలు చేతిలో కనిపించకూడదు.

వేసవిలో అరకులో ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

ముందు వదిలేయవలసినవి. ఛాయాచిత్రాల్లో కనిపించే పసుపుపచ్చని వలిసె పూల చేలు నవంబరు, డిసెంబరు నెలల సంగతి. వంజంగి మేఘాలు, లంబసింగి పొగమంచు కూడా చలికాలానివే. వేసవిలో వాటి కోసం పాడేరు, చింతపల్లి వైపు అర్ధరాత్రి లేచి ప్రయాణించడం వృథా శ్రమ. కటికి వంటి జలపాతాలు ఏప్రిల్, మే నెలల్లో సన్నబడతాయి. చాపరాయి వద్ద బండల మీదుగా జారే నీరు కొంత ఉంటుంది, కాళ్లు తడుపుకోవడానికి బాగుంటుంది. కానీ అక్కడి బండలు పాచి పట్టి చాలా ప్రమాదకరంగా ఉంటాయి కనుక పిల్లల చెయ్యి వదలవద్దు.

చూడవలసిన వాటిలో మొదటిది కాఫీ తోట. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి జల్లు పడిన తర్వాత కాఫీ మొక్కలు కొమ్మల పొడుగునా తెల్లగా విరబూస్తాయి. మల్లెను తలపించే ఆ పరిమళం తోటంతా కమ్ముకుంటుంది. ఆ పూత కొద్ది రోజులే నిలుస్తుంది కాబట్టి కచ్చితంగా దొరుకుతుందని మాట ఇవ్వలేము, దొరికితే మాత్రం చలికాలపు యాత్రికుడికి లేని భాగ్యం అది. పూత లేకపోయినా ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు ఎండవేళ కూడా నడకకు అనువుగా ఉంటాయి. గిరిజన రైతులు ఇలా నీడలో పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

గిరిజన మ్యూజియానికి గంటన్నర కేటాయించండి. ఇళ్లు, వ్యవసాయ పనిముట్లు, వేట సామగ్రి, పెళ్లి తంతులను చూపే బొమ్మలు ఉన్న ఈ చోటును చాలామంది పది నిమిషాల్లో దాటేస్తారు. ముందు దీన్ని చూసి తర్వాత ఊళ్ల వైపు వెళ్లినవారికి దారిలో కనిపించే ప్రతి వస్తువూ పరిచయమైనదిగా తోస్తుంది. పద్మాపురం తోట రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. పెద్ద చెట్ల నీడ ఉన్నందున ఉదయం తొమ్మిది లోపు అక్కడ హాయిగా ఉంటుంది. వారపు సంత ఏ రోజో మీ బసలో అడిగి, కుదిరితే తప్పక వెళ్లండి.

గిరిజన గ్రామాలకు వెళ్లవచ్చా? ఫొటోలు తీసుకోవచ్చా?

ఇది గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగంలో ఉన్న ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతం. ఇక్కడి ఊళ్లు ప్రదర్శనశాలలు కావు, మనుషుల ఇళ్లు. ఊరివారిలో ఎవరైనా తోడు వచ్చినప్పుడు, వారి అనుమతితో వెళ్లడం మర్యాద. ముఖ్యంగా ఆడవారిని, పిల్లలను అడగకుండా ఫొటో తీయకూడదు. పిల్లలకు చాక్లెట్లు, చిల్లర పంచే అలవాటు మంచిది కాదు, దానివల్ల వారు బడి మాని రోడ్డు మీద నిలబడటం నేర్చుకుంటారు. సాయం చేయాలన్న మనసు ఉంటే సంతలో బేరం ఆడకుండా తేనె, చింతపండు, పసుపు, పిప్పళ్లు కొనండి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కూడా కాఫీ పొడి, తేనె నమ్మకంగా దొరుకుతాయి. థింసా నృత్యం చూడాలనుకునేవారు బసలో ముందుగా మాట్లాడుకుంటే సాయంత్రం ఏర్పాటు చేస్తారు. నృత్యం చేసిన వారికి నేరుగా ఎంత ముడుతుందో అడగడానికి మొహమాటపడవద్దు.

విశాఖలో మే నెల ఉక్కపోత భరించలేమంటారు. అక్కడ రోజు ఎలా గడపాలి?

విశాఖలో వేసవి రోజును రెండు ముక్కలుగా వాడుకోవాలి. మే నెలలో ఐదున్నర లోపే తెల్లవారుతుంది. ఐదింటికే రామకృష్ణా బీచ్‌కు చేరుకుంటే మూడు గంటల మంచి సమయం చేతికి వస్తుంది. అదే ఊపులో బీచ్ రోడ్డు మీదుగా భీమునిపట్నం వైపు వెళుతూ తొట్లకొండ ఎక్కవచ్చు. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామ శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, వాటి వెనుక నీలంగా పరుచుకున్న సముద్రం కలిసి కనిపించే ఆ కొండ మీద నీడ తక్కువ కాబట్టి ఎనిమిదిన్నర లోపు చూసి దిగిపోవాలి. భీమునిపట్నంలో గోస్తనీ సంగమం, డచ్చివారి పాత సమాధులు, లైట్‌హౌస్ చూసి పది గంటలకు గదికి చేరుకోండి.

పది నుంచి నాలుగు వరకు బయట తిరగవద్దు. మామూలుగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై కాస్త ఊరట ఇస్తుంది. కానీ పడమటి గాలి బలంగా వీచిన రోజున సముద్రపు గాలి లోపలికి రాదు, ఆ రోజున విశాఖ కూడా నలభై డిగ్రీలకు చేరుతుంది. ఉదయమే చెట్ల ఆకులు సముద్రం వైపు ఊగుతూ, గాలి పొడిగా తగులుతూ ఉంటే ఆ రోజు కార్యక్రమాన్ని తగ్గించుకోవడం తెలివైన పని.

సాయంత్రానికి కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ సోవియట్ కాలపు నౌకను ఒడ్డుకు చేర్చి 2002లో మ్యూజియంగా మార్చారు. నావికులు వంగి నడిచిన ఇరుకు గదులు, ఒకదానిపై ఒకటిగా ఉన్న పడకలు చూసిన పిల్లలు చాలాసేపు మాట్లాడకుండా ఉండిపోతారు. ఎదురుగానే టీయూ 142 యుద్ధవిమానం మ్యూజియం 2017 నుంచి ఉంది. సోమవారం జలాంతర్గామికి సెలవు, ప్రణాళిక వేసేటప్పుడు మరవకండి. ఆ తర్వాత కైలాసగిరి ఎక్కి తీరం దీపాలు వెలిగే వేళ అక్కడే ఉండండి.

పిల్లలు సముద్రంలో స్నానం చేయవచ్చా?

రామకృష్ణా బీచ్‌లో వద్దు. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి, ఈతగాళ్లు కూడా ప్రాణాలు కోల్పోయారు. రుషికొండలో గార్డులు ఉన్న భాగంలో, వారు చెప్పిన హద్దుల్లో, పెద్దవారి చెయ్యి పట్టుకుని మోకాలి లోతు వరకు మాత్రమే దిగనివ్వండి.

సింహాచలం దర్శనం కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు, ఉదయం వెళితే ఇబ్బంది ఉండదు. అయితే వైశాఖ శుద్ధ తదియ నాడు జరిగే చందనోత్సవం తేదీని ముందే చూసుకోండి. ఏడాది పొడవునా చందనం పూతలో ఉండే స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే కనిపిస్తుంది కనుక భక్తులు అసంఖ్యాకంగా వస్తారు. ఆ దర్శనమే మీ ఉద్దేశమైతే యాత్రనంతా దాని చుట్టూ పెట్టుకోవాలి. కాకపోతే ఆ రోజును, దాని ముందురోజును విశాఖలో లేకుండా చూసుకోవాలి.

తిండి విషయంలో ఏమి సూచిస్తారు?

అరకులో బొంగు చికెన్ అందరికీ తెలిసినదే. వెదురు బొంగులో నూనె లేకుండా నిప్పుల మీద కాల్చి మీ కళ్లెదుటే తీసిచ్చే చోట మాత్రమే తినండి. వేసవిలో ఏజెన్సీ దారి పొడవునా పనస పండ్లు, మైదానం దాకా వస్తే తాటి ముంజలు, మామిడి పండ్లు దొరుకుతాయి. ఎండలో తిరిగేవారికి ముంజలకు మించినది లేదు. విశాఖ తీరంలో సాయంత్రం మురీ మిక్చర్ తినండి, ఇంటికి మాడుగుల హల్వా పట్టుకెళ్లండి.

ఘాట్ రోడ్డులో వాంతులు, దోమలు, ఇతర ఆరోగ్య విషయాలు?

వాంతుల స్వభావం ఉన్నవారు ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఘాట్ ఎక్కకూడదు. రెండు ఇడ్లీలు తిని గంట ఆగి, ముందు సీట్లో కూర్చుని, ఫోను చూడకుండా దూరంగా కనిపించే కొండల వైపు చూస్తూ వెళితే చాలావరకు సర్దుకుంటుంది. వాంతులు రాకుండా మాత్ర వేసుకునే అలవాటు ఉన్నవారు దాన్ని బయలుదేరడానికి అరగంట ముందే వేసుకోవాలి. ఏజెన్సీ ప్రాంతానికి మలేరియా చరిత్ర ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కాలు, దోమల క్రీము, రాత్రి దోమతెర తప్పనిసరి అనుకోండి. తిరిగి వచ్చిన కొద్ది వారాల్లో చలిజ్వరం వస్తే వైద్యుడికి అరకు వెళ్లి వచ్చిన సంగతి తప్పక చెప్పండి. రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు ఎక్కువే తీసుకెళ్లండి, ఫోన్ సిగ్నల్ కొన్నిచోట్ల ఉండదు కాబట్టి బస చిరునామా, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

ఇంతకంటే చల్లని చోటు కావాలంటే?

పగలు కూడా చలి కావాలంటే 2000 మీటర్లు దాటిన ఊటీ, కొడైకెనాల్ వంటి చోట్లకే వెళ్లాలి. ఊటీ సుమారు 2240 మీటర్ల ఎత్తులో ఉంది. కానీ తెలుగు జిల్లాల్లో చాలా చోట్ల నుంచి దానికి రాకపోకలకే రెండు రోజులు పోతాయి. పైగా వేసవి రద్దీ కారణంగా మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఆ రెండు చోట్లకూ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ (ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) తప్పనిసరి అయింది. రాయలసీమ వారికి మదనపల్లె దగ్గరి హార్సిలీ హిల్స్ దగ్గర. సుమారు 1250 మీటర్ల ఎత్తు కావడంతో అరకు కంటే కొంచెం చల్లగానే ఉంటుంది, ఒక రాత్రికి చక్కగా సరిపోతుంది. కానీ పక్కన విశాఖ లాంటి తీరనగరం ఉండదు.

వేసవి వానలు, పిడుగుల మాటేమిటి?

ఏప్రిల్, మే నెలల్లో రోజంతా వేడెక్కిన కొండల మీద మధ్యాహ్నం మూడు దాటాక మబ్బులు ఒక్కసారిగా కమ్ముకుని ఈదురుగాలి, పిడుగులతో వాన కురవడం మామూలే. ఆ వాన గంటలో వెలిసి రాత్రిని మరింత చల్లబరుస్తుంది, కాబట్టి అది యాత్రకు శత్రువు కాదు. ఉరుము వినగానే వ్యూపాయింట్లు, బయలు ప్రదేశాలు, ఒంటరి చెట్ల కింది నుంచి తప్పుకుని పక్కా భవనంలోకో, అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్లండి. చివరి ఉరుము వినిపించాక అరగంట వరకు బయటికి రావద్దు. వాగుల్లో ఉన్నవారు పైన కొండల మీద నల్లబడితే తమ దగ్గర చినుకు పడకపోయినా ఒడ్డుకు రావాలి, నీటి మట్టం నిమిషాల్లో పెరుగుతుంది. మే నెలలో బంగాళాఖాతంలో తుపానులు పుట్టే అవకాశం కూడా ఉన్నందున బయలుదేరే ముందు మూడు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు గమనించండి. తుపాను సూచన ఉంటే తీరాన్ని, ఘాట్‌ను రెండింటినీ వాయిదా వేసుకుని, రద్దు నిబంధనలు చూసి గదులు, టికెట్లు అప్పుడే మార్చుకోండి.